నాన్న ఫొటో, క్రికెట్ 07

మాది రావులపాలెం. నేను ఆరో తరగతిలో ఉన్నప్పుడు నాన్న రాజమండ్రి నుంచి సెకండ్ హ్యాండ్ ప్లేస్టేషన్ 2 తెచ్చారు. దాంతోపాటు ఒకే ఒక్క డిస్క్ వచ్చింది, క్రికెట్ 07. ఈఏ స్పోర్ట్స్ 2006లో తెచ్చిన గేమ్ అది. సాయంత్రం పొలం నుంచి రాగానే కాళ్లు కడుక్కుని నాన్న బౌలింగుకి కూర్చునేవారు. బటన్లు ఎప్పుడూ గుర్తుండేవి కావు. "ఏది నొక్కాల్రా?" అని ప్రతి బాల్‌కీ అడిగేవారు.

నేను తొమ్మిదిలో ఉండగా ఆయన పోయారు. కన్సోల్ అటకెక్కింది.

పోయిన వేసవిలో దాన్ని దించి, అదే డిస్క్‌ని ల్యాప్‌టాప్‌లో పీసీఎస్ఎక్స్2 ఎమ్యులేటర్‌తో ఆడాను. గుండె జారిపోయింది. గడ్డి పచ్చరంగు పులిమినట్టు, జనం మరకల్లా ఉన్నారు. పాత టీవీలో ఇవేవీ తెలిసేవి కావు. ప్లేస్టేషన్ 2కి ఉన్న వీడియో మెమరీ 4 ఎంబీయే. అందుకే బొమ్మల మీద తొడిగే టెక్స్చర్లు అంత చిన్నగా ఉంటాయి.

కానీ వాటిని మార్చుకోవచ్చు. ఎమ్యులేటర్‌లో టెక్స్చర్ డంపింగ్ ఆన్ చేసి ఆడుతుంటే, తెర మీదకి వచ్చిన టెక్స్చర్లు ఒక్కొక్కటీ ఫోల్డర్‌లో ఫైళ్లుగా పడతాయి. వాటిని పెద్దవి చేసి, ఫైల్ పేరు మార్చకుండా రీప్లేస్‌మెంట్స్ ఫోల్డర్‌లో పెట్టాలి. డిస్క్ చెక్కుచెదరదు.

పెద్దవి చేసే పని ఏఐకి ఇచ్చాను. బ్యాట్లు, పిచ్ అదిరిపోయాయి. బోర్డుల మీది చిన్న అక్షరాలు మాత్రం ఏ భాషవో తెలియని గీతలయ్యాయి. జనానికి దెయ్యం మొహాలొచ్చాయి. లెక్క వేస్తే అర్థమైంది. 64×64 బొమ్మలో ఉన్నవి 4,096 చుక్కలు. దాన్ని 4 రెట్లు చేస్తే 256×256, అంటే 65,536. ప్రతి 16 చుక్కల్లో 15 ఏఐ ఊహించి వేసినవే. గడ్డి మాత్రం దానికి వదల్లేదు. మా కాలవ గట్టు మీద గడ్డిని ఫోన్‌లో ఫొటో తీసి, అంచులు కలిపి వేశాను.

ఇదంతా చూసి అమ్మ అడిగింది, "మీ నాన్నగారి ఫొటో కూడా పెద్దది చెయ్యరా, ఫ్రేము కట్టిద్దాం" అని. పెళ్లిలో ఎవరో పాత ఫోన్‌తో తీసిన గ్రూప్ ఫొటో ఒక్కటే ఉంది. అందులో నాన్న మొహం గోరంత. ఏఐకి ఇచ్చాను. నిమిషంలో నున్నటి మొహం, మెరిసే కళ్లు.

అమ్మ చాలాసేపు చూసింది. "బానే ఉన్నాడు గానీ, ఎవరిదిరా ఈ ఫొటో?" అంది. కాసేపాగి, "పెదవి పక్క పుట్టుమచ్చ ఏదీ?" అంది.

పాత ఫొటోలో ఆ మచ్చ రెండు మూడు చుక్కలే. ఏఐ దాన్ని మురికి అనుకుని తుడిచేసింది. గేమ్‌లో దెయ్యం మొహాలు చూసి నవ్వుకున్నవాణ్ని, ఇక్కడ ఆ మచ్చ పోయినట్టు గమనించనే లేదు. ఇన్నేళ్లలో నేనూ మరిచిపోయానా అని భయమేసింది.

ఆ ఫైల్ డిలీట్ చేశాను. పాత ఫొటోనే, మసకగా ఉన్నా సరే, చిన్న ఫ్రేములో పెట్టించాం. గేమ్‌లో జనాన్ని కూడా పాత మరకలకే మార్చేశాను. గడ్డి మాత్రం ఉంచాను.

మొన్న అమ్మ వచ్చి పక్కన కూర్చుంది. "ఈ గడ్డి ఎక్కడిదిరా, ఇంత పచ్చగా ఉంది?" అంది.

"మన కాలవ గట్టుదే" అని కంట్రోలర్ చేతికిచ్చాను. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఏది నొక్కాల్రా?" అంది.