గుడ్లు తెల్లబడితే ఆడచేపనే మార్చాలా?

గప్పీలు పెంచినవాళ్ళు చేప అంటే పిల్లల్ని కంటుంది అనుకుంటారు. గప్పీ, మోలీల విషయంలో అది నిజమే. ఫలదీకరణం తల్లి కడుపులోనే జరిగిపోతుంది. ఏంజెల్ ఫిష్ దగ్గరికొస్తే మాత్రం కథంతా బయటే, నీళ్ళల్లో, మన కళ్ళ ముందే.

మా ఇంట్లో ఒక జంట ఉంది. గుడ్లు పెట్టే రోజు ముందే తెలిసిపోతుంది. రెండూ కలిసి ఒక ఆకుని నోటితో శుభ్రం చేస్తాయి, మిగతా చేపల్ని తరిమేస్తాయి. పొట్ట కింద చిన్న గొట్టం బయటికొస్తుంది. ఆడదానికి లావుగా, మొద్దుగా ఉంటుంది. మగదానికి సన్నగా, మొనదేలి ఉంటుంది. మామూలు రోజుల్లో ఏది ఆడో ఏది మగో చెప్పడం కష్టమే. తర్వాత ఆడచేప ఆకుని ఆనుకుని కదులుతూ వరసగా గుడ్లు అంటిస్తుంది. అది పక్కకి జరగ్గానే మగచేప అదే వరస మీదుగా వెళ్తుంది.

అసలు పని జరిగేది అప్పుడే. మంచినీటి చేపల వీర్యకణాలు నీళ్ళు తగిలాకే ఈదడం మొదలుపెడతాయి. ఒకటి రెండు నిమిషాల్లో చాలావరకు ఆగిపోతాయి. గుడ్డు పైపొరకి కంటికి కనపడనంత చిన్న రంధ్రం ఒకటి ఉంటుంది, మైక్రోపైల్ అంటారు. ఒక్క కణం దూరేంత దారి. గుడ్డు నీళ్ళు పీల్చుకుని బిగుసుకునేసరికి ఆ దారీ మూసుకుపోతుంది. కదిలే ట్రైన్ ఎక్కడమే కష్టం, ఇక్కడ డోర్ కూడా వేసేస్తున్నారు!

ఫలించిన గుడ్డు లేత తేనె రంగులో, లోపలికి కనిపించేలా ఉంటుంది. ఫలించనిది ఒకటి రెండు రోజుల్లో తెల్లబడి, దూదిలా బూజు పడుతుంది. మా చేప మూడుసార్లు పెట్టింది. మూడుసార్లూ అన్నీ తెల్లబడ్డాయి.

షాపులో చెప్తే ఆయన ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "ఆడది పనికిరాదమ్మా, మార్చేయండి" అన్నాడు. ఇంటికొచ్చి చెప్తే పెద్దమ్మ కూడా "అదే అయ్యుంటుందిలే" అంది. పక్కనే అక్క బెండకాయలు తరుగుతోంది. తనకి పెళ్ళయి ఆరేళ్ళు. అలాంటి మాట తన గురించే చాలామంది నోట వింది. ఎన్ని టెస్టులు చేయించుకుందో లెక్క లేదు. బావ మాత్రం ఒక్కటీ చేయించుకోలేదు. అక్క తలెత్తలేదు గానీ, కత్తి ఆగింది.

నాకు ఆ తీర్పు నచ్చలేదు. గుడ్లు పెట్టింది, కాపలా కాసింది, రెక్కలతో విసురుతూ వాటి దగ్గరే నిలబడింది. ఇంకేం చేయాలి? గుడ్లు తెల్లబడటానికి కారణాలు చాలానే ఉంటాయి. మగచేప ఇంకా కుర్రది కావచ్చు. దాని వీర్యంలోనే లోపం ఉండొచ్చు. ఒక్కోసారి జంట అనుకున్నవి రెండూ ఆడవే అవుతాయి, రెండూ గుడ్లు పెట్టి బుద్ధిగా కాపలా కూడా కాస్తాయి. మాది ఆ కేసు కాదు, గొట్టాలు చూశాను. నీళ్ళ మీద అనుమానం వచ్చింది. మా అపార్ట్‌మెంట్‌లో బోరు నీళ్ళే, బకెట్ అంచున తెల్లటి పెచ్చు కడుతుంది. ఏంజెల్ ఫిష్ సొంత ఊరు అమెజాన్ ప్రాంతం, అక్కడి నీళ్ళలో సున్నం చాలా తక్కువ. అలాంటి చేపల గుడ్లు మరీ కఠిన జలంలో సరిగ్గా ఫలించవు.

రెండు వారాల పాటు కొంచెం కొంచెంగా ఆర్‌ఓ నీళ్ళు కలుపుతూ సగం సగానికి తెచ్చాను. అదే ఆడచేప, అదే మగచేప. ఈలోపు మగది కూడా కాస్త ఎదిగింది కాబట్టి క్రెడిట్ మొత్తం నీళ్ళకే ఇవ్వను.

నాలుగోసారి సగానికి పైగా గుడ్లు తెల్లబడలేదు. నీళ్ళు 28 డిగ్రీలున్నాయి. రెండున్నర రోజులకి ఆకు మీద సన్నటి తోకలు ఊగడం మొదలైంది. అక్కని పిలిచాను. ఫోన్ టార్చ్ వేసుకుని చాలాసేపు చూసింది.

"ఆడదాన్ని మార్చలేదా?"

"లేదక్కా."

"వీడియో తియ్యి. బావకి పంపు."

పంపాను. అవి ఈదడానికి ఇంకో ఐదు రోజులు పడుతుంది. ఆలోపు ఉప్పునీళ్ళలో ఆర్టీమియా గుడ్లు వేసి, వాటికి తిండి రెడీ చేయాలి.