కండబలమా... కత్తిబలమా?

రాక్షసుణ్ని చంపితే రెండు దక్కుతాయి. ఒకటి అనుభవం. అది పోగుపడేకొద్దీ హీరో లెవెల్ పెరుగుతుంది. రెండోది శవం పక్కన రాలే సరుకు... కత్తో, కవచమో, ఉంగరమో. మొదటిది కష్టానికి కూలి, రెండోది లాటరీ. యాక్షన్ రోల్ ప్లేయింగ్ వీడియోగేముల్లో చాలావాటి కథ ఈ రెంటి మధ్యే నడుస్తుంది. పాళ్లు కుదిరితే నిద్ర మానేసి మరీ ఆడతారు. కుదరకపోతే అంతే సంగతులు!

2000లో వచ్చిన 'డయాబ్లో 2'నే తీసుకోండి. అందులో లెవెళ్లు 99. చివరి మెట్లు ఎక్కాలంటే ప్రాణం తోకకి వస్తుంది. అయినా ఆటగాళ్లు కళ్లకద్దుకున్నది సరుకునే. 'స్టోన్ ఆఫ్ జోర్డన్' అనే ఉంగరమైతే వాళ్ల మధ్య డబ్బులా చెలామణీ అయింది. కానీ కత్తి దొరకగానే సరా? ఎత్తాలంటే ఇంత బలం ఉండాలి, ఇంత లెవెల్ రావాలి అని షరతు. అన్నయ్య చొక్కా మీద కన్నేసిన తమ్ముడిలా, దానికి సరిపడా ఎదిగేదాకా పెట్టెలో దాచుకుని చూసుకోవాల్సిందే. మజా అంతా ఆ ఎదురుచూపులోనే.

2012లో 'డయాబ్లో 3' వచ్చింది. మొదట్లో 60తోనే లెవెళ్లు అయిపోయేవి. ఆపైన బలమంతా ఆయుధాలదే. పైగా వాటిని అసలు డబ్బుకే అమ్ముకునే వేలంపాట పెట్టారు. ఇంకేముంది? రాక్షసులతో కుస్తీ పట్టడం కన్నా బేరమాడటమే లాభమైంది. ఆట ప్రాణానికే అది ఎసరు పెడుతోందని తయారుచేసిన బ్లిజార్డ్ సంస్థే ఒప్పుకుని, 2014 మార్చిలో ఆ దుకాణం కట్టేసింది.

పోనీ లెవెల్‌నే నమ్ముకుంటే? 2006 నాటి 'ఆబ్లివియన్'లో హీరోతోపాటు శత్రువులూ ఎదుగుతారు. దాంతో దారిదోపిడీగాళ్లు కూడా ఖరీదైన కవచాలు తొడుక్కుని చిల్లర నాణేలకి అడ్డం పడతారు. ఆ కవచమేదో అమ్ముకుంటే హాయిగా బతకొచ్చు కదా!

2011లో వచ్చిన 'డార్క్ సోల్స్' తీరు వేరు. అందులో పైరోమాన్సర్ మొదలయ్యేదే ఒకటో లెవెల్లో. ఒక్క మెట్టూ ఎక్కించకుండా అతనితో ఆట మొత్తం ముగించినవాళ్లున్నారు. ఆయుధాలకి పదును పెట్టుకుంటూ, శత్రువు దెబ్బ ఎప్పుడు దిగుతుందో కనిపెట్టి పక్కకి దొర్లుతూ... వందలసార్లు చచ్చి లేచాకే అనుకోండి!