వరాహం ఎక్కిన వరహా!

కథల్లో రాజుగారు మెచ్చుకుంటే వెయ్యి వరహాలు ఇస్తారు. మరి ఆ నాణేనికి పేరిచ్చింది ఓ పంది అంటే నమ్ముతారా? ఆ సంగతి తెలుసుకోవాలంటే గండికోట చూసి రావాలి.

కడప జిల్లా జమ్మలమడుగు నుంచి సుమారు పదిహేను కిలోమీటర్లు వెళితే ఎర్రమల కొండల మీద కోట కనిపిస్తుంది. కొండను నిలువునా కోసుకుంటూ పెన్న పారిన గండి పక్కనే ఉంది కాబట్టి అది గండికోట అయింది. లోపల మాధవరాయ ఆలయం, రంగనాథాలయం, జామా మసీదు, ధాన్యాగారం... చూడాల్సినవి చాలానే. విజయనగర రాజుల సామంతులుగా పెమ్మసాని నాయకులు ఈ కోటను ఏలారు. వాళ్లలో రామలింగనాయుడు కృష్ణదేవరాయల కొలువులో పేరున్న వీరుడు.

ఆ ప్రభువుల రాజలాంఛనంలో నాలుగే బొమ్మలు. వరాహం, కత్తి, సూర్యుడు, చంద్రుడు. రాగి శాసనాల ముద్రల మీదా వరాహమూ సూర్యచంద్రులూ కనిపిస్తారు. హిరణ్యాక్షుడు నీళ్లలో దాచిన భూమిని కోరల మీద పైకెత్తిన విష్ణువే వరాహం. అంటే నేలను కాపాడటమే రాజు పని. కత్తి అందుకు కావలసిన బలం. మరి సూర్యచంద్రులు? దానశాసనాల్లో ‘ఆచంద్రార్కం’ అన్న మాట వింటుంటాం కదా... ఇచ్చిన మాట వాళ్లున్నంత కాలం నిలవాలని.

కానీ రాజ్యం అంతకాలం నిలవలేదు. 1565లో రక్కసి తంగడి యుద్ధంలో విజయనగరం ఓడింది. 1650లో గోల్కొండ సేనాని మీర్ జుమ్లా గండికోటను గెలిచాడు.

వరాహం మాత్రం మన నోట నిలిచిపోయింది! విజయనగరం కన్నా ముందే అది చాళుక్యుల గుర్తు. బంగారు నాణెం మీద దాని బొమ్మ ఉండటంతో నాణేన్నే వరహా అన్నారు. విజయనగర కాలంలో నాణేల మీదికి బాలకృష్ణుడు, ఉమామహేశ్వరులు వచ్చారు. అయినా జనం వరహా అనడం మానలేదు. తర్వాత కుంఫిణీ వాళ్లు మద్రాసులో వేసిన బంగారు నాణెమూ తెలుగువాళ్లకు వరహానే.

ఇప్పుడు రాష్ట్రాలకు అధికారిక జెండాలు లేవు. ఆంధ్రప్రదేశ్‌కు అమరావతి శిల్పాల్లోని పూర్ణఘటమే గుర్తు. పంట, నీరు, సమృద్ధి అని దాని అర్థం. అప్పుడు కాపాడతానన్న మాట, ఇప్పుడు కడుపు నింపుతానన్న మాట... గుర్తు ఏదైనా పాలకులు జనానికిచ్చే హామీయే.

గండికోటకు వచ్చేవాళ్లలో చాలామంది లోయ అంచున ఫొటోలు తీసుకుని వెనుదిరుగుతారు. వీలైతే పౌర్ణమినాడు సాయంత్రం దాకా ఉండండి. పడమట సూర్యుడు దిగుతుంటే తూర్పున చంద్రుడు వస్తాడు. రాజులు సాక్షులుగా పెట్టుకున్న ఆ ఇద్దరినీ కోట మీద నుంచి ఒకేసారి చూడొచ్చు.