ఒకే తలుపున్న ఊరు

మా అత్తయ్యకి చివరి మూడేళ్లూ సాయంత్రం ఐదయిందంటే సంచీ సర్దుకోవడమే పని. రెండు చీరలు, దువ్వెన, విభూది పొట్లం. 'బస్సు వెళ్లిపోతుందమ్మా, నేను ఇంటికి పోవాలి' అంటూ గేటు దగ్గరికి వచ్చేసేది. నలభై ఏళ్లుగా ఆవిడ ఉంటున్న ఇల్లే అది! ఓసారి ఎవరూ చూడకుండా రెండు వీధులు దాటి వెళ్లిపోయింది. ఆ రోజు నుంచీ గేటుకు తాళం వేశాం. డాక్టరు డిమెన్షియా అని పేరు చెప్పాడు. మాకు తెలిసిన వైద్యం మాత్రం ఆ తాళమే.

అందుకే, అమ్మాయి దగ్గరికి నెదర్లాండ్స్ వెళ్లినప్పుడు తులిప్ తోటలకన్నా ముందు 'వేస్ప్' చూపించమన్నాను. 'అక్కడేముందమ్మా?' అంది. ఆమ్‌స్టర్‌డామ్ నుంచి రైల్లో పట్టుమని ఇరవై నిమిషాలు పట్టదు. చిన్న ఊరు, పక్కనే నది, గాలిమరలు. 1850లో వాన్ హౌటెన్ కోకో ఫ్యాక్టరీ వచ్చింది ఇక్కడికే. 2022లో ఈ ఊరు ఆమ్‌స్టర్‌డామ్ నగరపాలికలో కలిసిపోయింది. అయితే ఇప్పుడు ప్రపంచం నలుమూలల నుంచీ జనం వచ్చేది కోకో కోసం కాదు, 'హోగెవైక్' కోసం.

డిమెన్షియా బాగా ముదిరినవాళ్ల కోసం కట్టిన నర్సింగ్ హోమ్ ఇది. కానీ చూస్తే అలా అనిపించదు. వీధులు, చెట్లు, ఫౌంటెన్, సూపర్‌మార్కెట్, క్షౌరశాల, నాటకశాల... అచ్చం ఓ ఊరే! మొత్తం 27 ఇళ్లు, ఇంటికి ఆరేడుగురు. ఏ ఇంటి వంట ఆ ఇంట్లోనే. ఉల్లిపాయలు వేగుతున్న వాసన వీధిలోకి వస్తోంది. నర్సులకు యూనిఫాం లేదు. ఎవరు పేషెంటో, ఎవరు పనివాళ్లో పోల్చుకోవడానికి నాకు కాస్త టైం పట్టింది.

ఒకప్పుడు ఇదే స్థలంలో మామూలు నర్సింగ్ హోమ్ ఉండేది. అక్కడ పనిచేసే ఇవాన్ వాన్ అమెరాంగెన్‌కి తండ్రి హఠాత్తుగా పోయాడని కబురొచ్చినప్పుడు, 'పోనీలే, నర్సింగ్ హోమ్‌లో పడాల్సిన గతి తప్పింది' అన్న ఆలోచన మొదట వచ్చిందట. మన అమ్మానాన్నలనే చేర్చలేని చోట ఎదుటివాళ్ల అమ్మానాన్నలను ఎలా ఉంచుతున్నాం? 1990లలో మొదలైన ఆ మథనమే 2009 నాటికి ఈ ఊరైంది.

ప్రహరీ గోడ ఎక్కడా కనిపించదు. ఇళ్ల వెనక గోడలే ప్రహరీ. బయటికి వెళ్లే తలుపు ఒక్కటే. లోపల మాత్రం ఎవరికి నచ్చినంత సేపు వాళ్లు తిరగొచ్చు. లిఫ్టులో మీట నొక్కక్కర్లేదు. మనిషి అడుగుపెడితే తనే కదులుతుంది. ఏ మీట ఎందుకో మర్చిపోయిన వాళ్లకు అదెంత ఊరటో!

టెక్నాలజీ అంటే నేను రోబోలను ఊహించుకున్నాను. ఈ దేశంలో తయారైనవి చూస్తే ఆశ్చర్యమేసింది. డెల్ఫ్ట్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో హెస్టర్ లె రిష్ చేసిన పరిశోధనలోంచి 'టోవర్‌టాఫెల్' పుట్టింది. అంటే మాయా బల్ల! పైకప్పుకున్న ప్రొజెక్టర్ బల్లమీద పువ్వుల్నీ ఆకుల్నీ వెలుగుతో పరుస్తుంది. చెయ్యి ఆడిస్తే అవి కదులుతాయి. గంటల తరబడి ఉలుకూ పలుకూ లేకుండా కూర్చునేవాళ్ల చేత చెయ్యి ఎత్తించడానికే ఇదంతా. మరికొన్ని నర్సింగ్ హోమ్‌లలో చేతికి చిన్న పట్టీ కడతారు. దారి తప్పనివాళ్లకి తోట దాకా, ఇంకొందరికి వీధి దాకా తలుపులు వాటంతటవే తెరుచుకుంటాయి. ప్రమాదం ఉన్నవాళ్లకు మూసే ఉంటాయి. అందరికీ కలిపి ఒకే తాళం వెయ్యరన్నమాట. మనిషిని బలవంతాన కట్టడి చేయడం ఆఖరి మార్గమే కావాలని 2020 నుంచి ఇక్కడ చట్టమే ఉంది.

ఖర్చు మాటేమిటంటారా? చాలావరకు ప్రభుత్వ దీర్ఘకాల సంరక్షణ బీమా భరిస్తుంది. ఆదాయాన్ని బట్టి కొంత మనం కట్టాలి. మన దగ్గర ఆ బీమా లేదు. ఇంట్లో కోడలో కూతురో ఉంటుంది, అంతే.

ఇదంతా నాటకమని, 'ట్రూమన్ షో' సినిమాలా ఉందని విమర్శించేవాళ్లూ ఉన్నారు. నాకూ ఆ అనుమానం వచ్చింది. కానీ కూర నిజమే, కాఫీ నిజమే, ఎండా నిజమే. తలుపు ఒక్కటే తెరుచుకోదు.

మేం బయల్దేరేసరికి ఒక పెద్దావిడ ఆ తలుపు దగ్గరే ఉంది. కోటు తొడుక్కుని, చేతిలో సంచీ పట్టుకుని. నా గుండె గుభేలుమంది. రిసెప్షన్‌లోని అమ్మాయి లేచి వెళ్లి, భుజం మీద చెయ్యి వేసి ఏదో చెప్పింది. 'ఈ తలుపు సరిగా పనిచెయ్యట్లేదు, కాఫీ తాగి వద్దాం అంటోందమ్మా' అని మా అమ్మాయి చెప్పింది. ఇద్దరూ చేతులు పట్టుకుని కెఫే వైపు నడిచారు.

మా కోసం తలుపు తెరుచుకుంది. వెనక్కి తిరిగి చూస్తే ఆవిడ కుర్చీలో కూర్చుని, కప్పు అందుకుంటోంది. సంచీ ఇంకా ఒళ్లోనే ఉంది.