బీజగణితమునకు తొలిమెట్టు ఏ తరగతిలో నున్నది?

అర్ధసంవత్సర పరీక్షల మార్కులు ఇండ్లకు చేరిన వారమున తలిదండ్రులు కొందఱు మన పాఠశాల వరండాలో మాకై వేచియుందురు. వారి మాట ప్రతియేట నించుమించుగ నొక్కటే. “మాస్టారూ, అయిదో తరగతి దాకా మావాడు లెక్కల్లో ఫస్టండి. ఈ ఎక్సులూ వైలూ వచ్చాక వాడి బుర్రకి ఏమీ ఎక్కడం లేదండి.” కొందఱు ప్రైవేటు పెట్టింతుమందురు. మఱికొందఱు, ముఖ్యముగా ఆడపిల్లల తండ్రులు, లెక్కలు లేని చదువేదైన నున్నదా యని యడుగుదురు. ఈ రెండవ ప్రశ్నయే మమ్ము మిక్కిలి బాధించుచున్నది. పదునాలుగేండ్ల బాలికకు బీజగణితమున తక్కువ మార్కులు వచ్చినంతమాత్రమున, ఆమె ముందున్న త్రోవలలో సగము మూసివేయుటకు పెద్దలు సిద్ధపడుచున్నారు. ఆ వ్యాధి తొమ్మిదవ తరగతిలో పుట్టినది కాదనియు, రెండవ మూడవ తరగతులలోనే దాని విత్తు పడినదనియు మా యభిప్రాయము.

ఇట్లనుటకు హేతువు కలదు. మేమొకనాడు నాలుగవ తరగతి బాలబాలికలకు నల్లబల్లపై 8 + 4 = □ + 5 అని వ్రాసి, ఆ గడిలో నే యంకె యుండవలయునని యడిగితిమి. “పన్నెండు” అని తరగతి యంతయు నొక్క గొంతుతో పలికెను. పదునేడనినవారును కొందఱుండిరి, వారు కంటికి కనబడిన యంకెల నన్నిటిని కూడివేసిరి. అదే ప్రశ్నను పిమ్మట ఎనిమిదవ తరగతిలో నడుగగా నచ్చటను పన్నెండే మొదట వినవచ్చెను. మన పిల్లలే యిట్లున్నారని యెవరును చిన్నబోవలదు. 1999లో అమెరికా దేశపు పరిశోధకులు ప్రకటించిన వ్యాసములో, ఆఱవ తరగతి విద్యార్థులు 145 మందికీ లెక్క నియ్యగా అందఱును 12 అనియో 17 అనియో చెప్పిరే గాని 7 అనినవాడొక్కడును లేడని యున్నది.

దీనికి బుద్ధిమాంద్యము కారణము కాదు. చిన్న తరగతులలో సమానచిహ్నము దాదాపుగా నెల్లప్పుడు లెక్క చివరనే యుండును. దాని కుడివైపున నొక్క యంకెకే చోటుండును. ఏండ్ల తరబడి యట్లే చూచిన పిల్లవానికి ఆ రెండు గీతలు “ఇక జవాబు వేయుము” అను ఆజ్ఞవలె తోచును. 1557లో ఆ చిహ్నమును తొలుత అచ్చులో వాడిన రాబర్టు రికార్డు అను వెల్షు వైద్యుడు, రెండు సమాంతర రేఖలకంటె సమానమైన వస్తువులు మఱి లేవు గనుక వానిని గ్రహించితినని వ్రాసెను. అనగా నది ఆజ్ఞ కాదు, వాక్యము: ఇటునున్నదియు అటునున్నదియు నొక్క పరిమాణమే. సంతలో కూరగాయల తక్కెడను చూచిన పిల్లవానికీ సంగతి యెఱుకయే. ముల్లు నడుమ నిలువవలెనన్న ఇరుతట్టల బరువు సరిపోవలయునని వానికెవరును చెప్పనక్కఱలేదు. ఆ యెఱుకను పలకమీదికి తెచ్చువారే కావలసియున్నారు.

పిల్లల నోటుపుస్తకములలో 5 + 3 = 8 × 2 = 16 − 4 = 12 అను మాదిరి వరుసలు మాకు తఱచుగ కనబడును. చివరి జవాబు సరియే. నడుమ నున్నదంతయు అసత్యము. అయిదును మూడును కలసి పన్నెండగునా? చిన్న తరగతిలో జవాబు మాత్రము చూచి ‘రైటు’ పెట్టుదురు. ఆ రైటునకు వడ్డీ తొమ్మిదవ తరగతిలో చెల్లింపవలసివచ్చును.

తొమ్మిదవ తరగతిలో జరుగునదేమి? “అటు పోయిన ప్లస్సు మైనస్సగును” అను మంత్రోపదేశము. తెలియని సంఖ్యకు క యని పేరిడి 3క = 12 అని వ్రాసితిమనుకొనుడు. మంత్రమును నమ్మిన విద్యార్థి మూడును అవతలి యొడ్డునకు దాటించి 12 − 3 = 9 అనును. తక్కెడను నమ్మిన విద్యార్థి, మూడు సమభాగములు పన్నెండు తూగినచో నొక భాగము నాలుగు తూగునని చెప్పును. సూత్రము తప్పు కాదు. వేళకు ముందు వచ్చినది, అంతే.

గణితమును నేర్చువారికి అనువుగ దిద్దితీర్చుట మన సీమకు క్రొత్త కాదు. క్రీ. శ. 850 ప్రాంతమున, రాష్ట్రకూటుడగు అమోఘవర్షుని కాలమున, మహావీరాచార్యుడు సంస్కృతమున గణితసారసంగ్రహమును రచించెను. దానిని తెలుగు పద్యములలోనికి తెచ్చినవాడు పావులూరి మల్లన. ఇతడు పదునొకండవ శతాబ్దమున రాజమహేంద్రవరము నేలిన రాజరాజనరేంద్రుని కాలమువాడని పండితులు పలువురు చెప్పుదురు. నన్నయభట్టారకుడు భారతమును తెనిగించిన కాలమే యది. నన్నయను ప్రతి బాలుడు నెఱుగును. మల్లనను గణితోపాధ్యాయులే పెక్కురెఱుగరు. ఇది మాకు కొంత కష్టముగా నున్నది.

మల్లన మాటకు మాట దింపలేదు. మూలమున వర్గమునకును ఘనమునకును పెక్కు మార్గములుండగా నన్నిటిని తెలుగునకు మోసికొనిరాలేదు. మహావీరుడు జైనుడు, మల్లన శివభక్తుడు. కావున ఉదాహరణములలోని పూజలు మాఱినవి. గుణకారమునకును వర్గమునకును మూలములో లేని లెక్కలను పెక్కింటిని చేర్చెను. వాని ఫలములలో అంకెలు హారమందలి పూసలవలె పొందికగా నమరియుండును. చదరంగపు గడులలో నొక్కొకదానికి రెట్టింపుచు పోగా వచ్చు మొత్తమును, అనగా 18446744073709551615ను, ఒక్క పద్యములో నిమిడ్చెను. మార్గములను తగ్గించి అభ్యాసమును పెంచెను. ఆ యభ్యాసములోను వింత పుట్టునట్లు చూచెను. ఇంతకంటె మంచి ఉపాధ్యాయుడు చేయునదేమున్నది?

ఆ వింతనుండియే బీజగణితము మొలకెత్తును. చిన్న తరగతిలో 37 × 3 = 111 అని చూపుడు; 37 × 6, 37 × 9 చేయింపుడు. 222, 333 వచ్చును. ఇక 37 × 27 ఎంతయో గుణింపక చెప్పుమనుడు. “తొమ్మిది మూళ్లు గనుక 999” అనిన బాలిక అక్షరమును వాడకయే బీజగణితము చేసినది. కొంచెము పెద్దవారిని మూడంకెల సంఖ్య నేదైన తలచుకొని దానిని 7చేతను, 11చేతను, 13చేతను వరుసగా గుణింపుమనుడు. 358 తలచినవానికి 358358 వచ్చును. 206 తలచినవానికి 206206. ఎందుకని తరగతి యంతయు లేచి యడుగును. 7 × 11 × 13 = 1001 అని కనుగొన్నను, ప్రతి సంఖ్యకు నట్లే యగునని చెప్పుటకు మాట కావలయును. ఆఱు ఏడు తరగతులలో వచ్చు అక్షరము ఆ మాటయే. అక్కఱ పుట్టిన పిమ్మట వచ్చినచో దానిని చూచి యెవరును బెదరరు.

అక్షరమును గూర్చి మఱొక చిక్కు కలదు. కుంచమునకు నాలుగు మానికలని మన డెల్టాలో పెద్దవారెఱుగుదురు. ఒక ధాన్యపు రాశిని కుంచముతో కొలువగా వచ్చిన లెక్క క. మానికతో కొలువగా వచ్చిన లెక్క మ. ఈ రెంటికి గల సంబంధమును వ్రాయుమన్న, మంచి విద్యార్థులు సైతము క = 4మ అని వ్రాయుదురు. “కుంచమునకు నాలుగు మానికలు” అను మాటనే ఉన్నదున్నట్లుగ గుఱుతులలో పెట్టుదురన్నమాట. రాశి పది కుంచములైనచో మానికలు నలుబది; కావున మ = 4క యనుటయే సరి. క యనగా కుంచము కాదు, కుంచముల సంఖ్య. 1981లో ప్రకటింపబడిన యొక యమెరికా పరిశీలనలో, ఆచార్యుడొకనికి ఆఱుగురు విద్యార్థుల చొప్పున నున్న విశ్వవిద్యాలయమును గూర్చి యిట్టి ప్రశ్ననే యడుగగా, ఇంజనీరింగు చదువున చేరినవారిలోనే నూటికి 37 మంది తప్పిరి. కావున “ఎ అనగా ఆపిలు, బి అనగా అరటిపండు” అని అక్షరములకు పండ్ల పేర్లు పెట్టి సులభము చేయు పద్ధతిని మేము మెచ్చము.

మన పూర్వులు తెలియని రాశికి యావత్తావత్తు అని పేరు పెట్టిరి: ఎంతయో అంత. ఎంత చక్కని పేరు! ఒకటికి మించియున్నచో కాలకము, నీలకము, పీతకము అని రంగుల పేర్లు. క్రీ. శ. 628లో బ్రహ్మగుప్తుడు ధనమునకును ఋణమునకును నియమములు చెప్పెను. ఆ రెండు మాటలే నేటికిని మన తెలుగు పుస్తకములలో నున్నవి. అయినను ఋణమనగా అప్పు అని విప్పి చెప్పు తరగతులు అరుదు. మూడు రూపాయల అప్పును కొట్టివేసినచో మూడు రూపాయలు కలసివచ్చినట్లే గదా. మైనస్ మూడును తీసివేయుట యన నేమో కౌలురైతు బిడ్డకు చెప్పుట యేమంత కష్టము?

ఇంతకు నెవరు ఎవరికి సాయపడవలయును? స్కూలు కాంప్లెక్సు సమావేశములు కలవు. బొమ్మూరులో జిల్లా విద్యా శిక్షణ సంస్థ కలదు. క్రొత్త పద్ధతులు వినుటకు చోటు లేకపోలేదు. విన్నదానిని తరగతిలో తూచి చూచుకొనుటకు తోడు కావలయును. మేము కోరునది చిన్నది: నెలకొక సాయంకాలము మూడవ, అయిదవ, ఏడవ, తొమ్మిదవ తరగతుల ఉపాధ్యాయులు తమ పిల్లల పుస్తకములతో నొక బల్లచుట్టు కూర్చుండుట. తనిఖీ కాదు, మార్కుల చర్చయు కాదు. ఒకే తలపు నాలుగు తరగతులలో నెట్లు నడచుచున్నదో చూచుట.

మేమట్లు కూర్చున్న యొక దినమున మూడవ తరగతి టీచరుగారు ఒక బాలిక పుస్తకమును తెచ్చిరి. 27 + 35 అను లెక్కకు ఆ పిల్ల 30 + 32 అని వ్రాసి 62 వేసినది. ఇది పుస్తకములోని పద్ధతి కాదు గదా యని టీచరుగారు ఆమెను పిలిచి యడిగిరట. “ఆ పోగులోంచి మూడు కాయలు తీసి ఈ పోగులో వేస్తే మొత్తం మారదు కదండీ” అని యామె సమాధానము. ఆ పిల్ల తండ్రి కొబ్బరికాయల దింపు పనిచేయును. ఆదివారములందు కాయల లెక్కకు కూతురు తోడుపోవును. తొమ్మిదవ తరగతి మాస్టారు ఆ పుటను చాలసేపు చూచి, “ఇంత తెలిసిన పిల్లలు మా దగ్గరకు ఎందుకు రావడం లేదండీ?” అనిరి. “వస్తున్నారండి. పద్ధతి ప్రకారం చెయ్యమని మేమే మాన్పించి పంపుతున్నాం” అని అయిదవ తరగతి టీచరుగారు నవ్వుచు చెప్పిరి. ఆ నవ్వు చాలసేపు నిలువలేదు.

నాడు రెండు నిర్ణయములు జరిగినవి. రెండవ తరగతినుండియే 12 = 8 + 4 అనియు, 8 + 4 = 7 + 5 అనియు తిరుగవేసి వ్రాయించుట యొకటి. ‘రైటు’ పెట్టుటకు ముందు, దినమునకొక్క లెక్కకైనను “ఎట్లు చేసితివి?” అని యడుగుట రెండవది. ఇందులకు డబ్బు పట్టదు, కాలము పట్టును. సిలబసు వెనుకబడునను భయము మాకును తెలియును. అయినను ఏడవ తరగతిలో నెల దినములు పోవుటకంటె మూడవ తరగతిలో పది నిమిషములు పోవుట మేలని మా లెక్క. తలిదండ్రులు సైతము ఇంటిలో పిల్లవాని జవాబు సరియా యని కాక, ఎట్లు వచ్చినదని యడుగవచ్చును. అందులకు వారికి బీజగణితము రానక్కఱలేదు.

ఇక పై తరగతుల విద్యార్థులకు గోదావరియే పాఠమును సిద్ధముచేసి యుంచినది. ధవళేశ్వరమువద్ద నీటిమట్టము 11.75 అడుగులకు చేరినపుడు మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండవది, 17.75కు మూడవది. ఆ మట్టములకు ప్రవాహము వరుసగా సుమారు 10, 13, 17 లక్షల క్యూసెక్కులు. లంకలలోని పిల్లలకీ యంకెలు ఎక్కములకంటె బాగుగ వచ్చును. నీటిమట్టమును న యనియు, ప్రవాహమును ప యనియు నుంచుడు. ఇచ్చట అక్షరము దాగియున్న యొక సంఖ్య కాదు. గంటగంటకు మాఱు సంఖ్య. మొదటి హెచ్చరికనుండి రెండవదానికి అడుగునకు ఒకటిన్నర లక్ష చొప్పున పెరిగినది. రెండవదానినుండి మూడవదానికి అడుగునకు లక్షయే. 1986 ఆగస్టు వరదలో సుమారు 35 లక్షల క్యూసెక్కులు వచ్చినవి. అడుగునకు లక్ష చొప్పుననే పోయియున్నచో నాడు మట్టము 35.75 అడుగులు కావలసియుండెను. కాని యది 25 అడుగులకు లోపలనే నిలిచెను.

తొమ్మిది పది తరగతుల విద్యార్థులారా, గ్రాఫు కాగితముపై ఈ బిందువులనుంచి, గీత ఎందుకిట్లు వంగినదో వేసవి సెలవులలో ఆలోచింపుడు. ఇంటిలోని పెద్దల నడుగుడు, వీలైన ఆనకట్టను చూచిరండు. బడి తెఱచిన వారమున కాగితములు మాకీయవచ్చును. జవాబుతోపాటు ఎట్లు చేసితిరో వ్రాయుట మఱవకుడు.