పింజ మీద ఆకు

“పుంఖానుపుంఖాలుగా” అన్న మాట మనం పరీక్షల్లో ఎన్నిసార్లు రాశామో లెక్కలేదు. శతకాలు పుంఖానుపుంఖాలుగా వచ్చాయి, నవలలు పుంఖానుపుంఖాలుగా వెలువడ్డాయి అని రాసేస్తాం. పుంఖం అంటే బాణం వెనక ఈకలు కట్టిన చోటు. ముందు వెళ్ళే బాణం పుంఖానికి వెనక వచ్చే బాణం తగులుతుందా అన్నంత ఎడతెగకుండా వెయ్యడం పుంఖానుపుంఖం. తెలుగులో దానికే పింజ అని పేరు. ఇప్పుడు పింజ అంటే మనకి దూదిపింజ ఒక్కటే గుర్తొస్తుంది.

ఆ మాట క్లాసులో విన్న రోజు నాకు మా తాత బాణాలు గుర్తొచ్చాయి. మేం జాతాపులం. మా అమ్మ పుట్టిల్లు ఒడిశాలోని రాయగడ జిల్లాలో, కొండ కింద ఊరు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేదాకా కోరాపుట్, రాయగడ ప్రాంతమంతా విశాఖపట్నం జిల్లాలోనే, జయపురం జమీందారీ కింద ఉండేది. తరవాత అది కోరాపుట్ జిల్లా అయింది. అందులోంచి 1992 అక్టోబరు 2న రాయగడ వేరే జిల్లాగా విడిపోయింది. గీతలు మారాయి గానీ మా చుట్టరికాలు గీతకి రెండు పక్కలా అలాగే ఉన్నాయి. తాత ఇంట్లో కువి మాట్లాడతాడు, సంతలో తెలుగూ ఒడియా మాట్లాడతాడు. అమ్మకి కువి సగం వచ్చు. నా దాకా వచ్చేసరికి అది పది మాటలకి దిగింది.

తాత విల్లు వెదురుది. దాని నారి కూడా వెదురుబద్దే. అమ్ముకి ముందు కమ్మరి కొట్టిచ్చిన ఇనప అలుగు, వెనక దారంతో చుట్టిన ఈకలు. అలుగు గుచ్చుకుంటుంది, సరే. ఈకల పనేమిటని చిన్నప్పుడు అడిగాను. “ఈక లేకపోతే అమ్ము తాగినోడిలాగ ఎల్తాది” అన్నాడు. ఫిజిక్సు చదివే మా రూమ్మేటు ఇదే సంగతిని ఇంకోలా చెప్పింది. ఈకలకి గాలి తగిలి వెనక భాగాన్ని పట్టి ఉంచుతుంది. అందుకే ములికి ముందూ తోక వెనకా ఉండి బాణం తిన్నగా పోతుంది. ఈకల వంపు ఒకే వైపు ఉండాలి కాబట్టి కుడిరెక్క ఈకలూ ఎడమరెక్క ఈకలూ ఒకే బాణానికి కలిపి కట్టకూడదు. ఈక తడిస్తే అతుక్కుపోయి దారి చూపించలేదు.

అయితే దారి చూపించే ఈకే వేటగాణ్ణి పట్టిస్తుంది కూడా. తాత దగ్గర నేను నేర్చుకున్నది ఇదే. వేటగాడు కదలకుండా గంటలు కూర్చుంటాడు. ఒంటి రంగు మట్టిలో కలుస్తుంది, విల్లు కొమ్మల్లో కలుస్తుంది. కలవనివి ఈకలే. పైగా నారి లాగేటప్పుడు అవి మొహం పక్కకి వస్తాయి. కదిలేది ఆ చెయ్యి ఒక్కటే, ఆ చేతిలో తెల్లగా మెరిసేది అదొక్కటే. జింకజాతికి ఎరుపూ ఆకుపచ్చా తేడా సరిగ్గా తెలియదంటారు శాస్త్రజ్ఞులు. నీలం, తెలుపు మాత్రం వాటికి బాగా ఆనుతాయి. అదీగాక చుక్కల దుప్పి బెదిరినప్పుడు తోక పైకెత్తుతుంది. ఆ తోక కింద తెలుపే మిగతా మందకి హెచ్చరిక. అంటే తెలుపు కదిలిందంటే పరుగెత్తాలి అన్నది వాటి భాషలో ముందే ఉంది.

“తెల్ల ఈక కడితే దుప్పికి నువ్వే కబురెట్టినట్టు” అనేవాడు తాత. అందుకని ముదురు రంగు ఈకలే ఏరేవాడు. అవి దొరక్కపోతే పొయ్యి మీద కుండ మసి రాసేవాడు. మాటున కూర్చున్నాక పింజల మీద అడ్డాకు మడిచి కప్పేవాడు. మన విస్తళ్ళు కుట్టే అడ్డాకే. మంచుకి ఈక తడవదు, మెరుపూ కనబడదు. వెయ్యబోయే ముందు వేలితో ఆకు పక్కకి తోసేవాడు. “అది సప్పుడు కాకుండా తియ్యడానికి నాకు రెండేళ్ళు పట్టినాదే గుంటా” అన్నాడోసారి. విల్లు ఎక్కుపెట్టడం ఎన్నాళ్ళలో నేర్చావని అడిగితే, “అదెంతసేపు” అని నవ్వాడు.

ఇది విన్నాక మన పుస్తకాల్లో బాణాలు నాకు వేరేగా కనబడడం మొదలైంది. ఇతిహాసాల్లో పుంఖాలు బంగారువి. కంకపత్రాలని గద్దలాంటి పక్షుల ఈకల గురించి గొప్పగా చెబుతారు. బాణం చూడగానే ఎవరిదో తెలియాలి. విరాటపర్వంలో అర్జునుడు ముందుగా రెండు బాణాలు ద్రోణుడి పాదాల దగ్గర పడేట్టు వేస్తాడు. వేసింది ఎవరో గురువుకి తెలిసిపోతుంది, ఆ బాణమే నమస్కారం. అజ్ఞాతవాసం ఉన్నన్నాళ్ళూ ఆయుధాల్ని జమ్మిచెట్టు మీద దాచారంటే అందుకే. గాండీవం బయటికి వస్తే పేరు బయటికి వచ్చినట్టే. యుద్ధంలో బాణం సంతకం లాంటిది.

సినిమాలో దేవసేన ఒకేసారి మూడు బాణాలు వేస్తే మనం హాస్టల్ హాల్లో ఈలలు వేశాం. మన విజయవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖ 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మూడు బంగారు పతకాలు గెలిచింది. ఆ పోటీలో గురి 50 మీటర్ల దూరంలో ఉంటుంది. పోటీ బాణాలకి ఈకల బదులు ప్లాస్టిక్ రెక్కలు కడతారు, చాలావాటికి కంటికి కొట్టే రంగులు. కనబడాలి కాబట్టి. యుద్ధానికి కనబడాలి, ఆటకి కనబడాలి, సినిమాకి మరీ కనబడాలి. కనబడకూడనిది వేటకి ఒక్కదానికే. మన భాషలోకి మాత్రం కనబడే బాణమే వచ్చింది. పుంఖానుపుంఖం అన్నవాడికి వెనకాల రథం నిండా బాణాలున్నాయి. తాత పొదిలో నాలుగుండేవి. పోయిన అమ్ముని వెతికి తెచ్చుకుని, ఈక ఊడితే మళ్ళీ కట్టుకునే మనిషికి ఆ మాటతో పనేముంది?

ఇక్కడ ఒక సంగతి సూటిగా చెప్పాలి. వేట మళ్ళీ రావాలని నేను రాయడం లేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటని నిషేధించింది. అది ఉండాల్సిందే. కోరాపుట్‌లో చైత్ర పరబ్ నెలలోనూ, మన అరకు, పాడేరు వైపు ఇటుకల పండగకీ మగవాళ్ళంతా గుంపుగా అడవికి వెళ్ళే ఆచారం ఉండేది. ఉత్త చేతులతో తిరిగొస్తే ఆడవాళ్ళు వెక్కిరించి పేడనీళ్ళు పోసేవారు. మా అమ్మమ్మ కూడా పోసిందట, తాత మీదే. ఇప్పుడు అడవిలో జంతువులే తక్కువ. తాత కూడా ఎప్పుడో మానేశాడు. “అడివి పలసనైపోనాది, దాక్కోడానికి సోటేది, దానికీ నాకూ” అంటాడు. నాకు ఆ మాటలో ఫిర్యాదు వినబడదు. ఉన్నది ఉన్నట్టు చెబుతున్నాడంతే.

వేట పోతే ఎవరికీ నష్టం లేదు. కానీ దాని కోసం పుట్టిన చూపు పోతోంది. ఏ ఈక ఏ వెలుగులో మెరుస్తుంది, ఏ ఆకు చప్పుడు కాకుండా జరుగుతుంది, మంచు ఎప్పుడు దిగుతుంది, దుప్పి చెవి ఎటు తిరిగితే ఊపిరి బిగబట్టాలి అన్న తెలివి అంతా కువిలో ఉంది. కువి మన తెలుగుకి దగ్గర చుట్టమే. రెండూ ద్రావిడ భాషల్లో ఒకే కొమ్మకి చెందినవని భాషాశాస్త్రం పేపర్లో చదువుకున్నాం. ఆ దగ్గర చుట్టం మా ఇంట్లోనే నోరు మూసుకుంటోంది. తాత నాకు ఏదైనా చెప్పాలంటే తెలుగులోకి దిగుతాడు. దిగినప్పుడల్లా నాలుగు మాటలు “ఈక” అన్న ఒక్క మాటలో కలిసిపోతాయి. కట్టిన ఈకకి వేరే మాట, ఊడిన ఈకకి వేరే మాట, తడిసినదానికి వేరే మాట ఉన్నాయని అమ్మ చెబితేనే తెలిసింది.

అందుకని దసరా సెలవుల్లో ఒక నోటుబుక్కు పెట్టాను. విల్లూ అమ్ముల మాటలు తాత పలికినవి పలికినట్టు తెలుగు లిపిలో రాసుకుంటున్నాను. ఇప్పటికి ముప్పై ఒకటి అయ్యాయి. కొన్ని శబ్దాలకి మన అక్షరాలు సరిపోవడం లేదు. మేడం గారు వాటికి గుర్తులు ఎలా పెట్టాలో చూపిస్తామన్నారు. అవన్నీ తాత చేత ఇంకోసారి పలికించి సరిచూసుకున్నాక వచ్చే సంచికలో ఇక్కడే అంటిస్తాను.

మన క్లాసులోనే సవర, కొండదొర, గదబ ఇళ్ళ నుంచి వచ్చినవాళ్ళు నాకు తెలిసి ఆరుగురున్నారు. మీ ఇంట్లోనూ ఎవరో ఒకరికి ఇలాంటి మాటలు వచ్చే ఉంటాయి. వాటి మీద ఆకు మనం తియ్యకపోతే తీసేవాళ్ళు వేరే లేరు. ఈ సెలవులకి ఇంటికి వెళ్ళినప్పుడు అడగండి. నోటుబుక్కులో పేజీలు చాలా ఉన్నాయి.