ఒక రైఫిలు వయసు, వెల

అనంతపురం జిల్లాలో తుపాకి అనగానే వినేవారి మనసు ముఠాకక్షల మీదికే పోతుంది. ఆ కథలకు చాలాకాలం ముందు నుంచీ ఈ మెట్టనేలలో మరొక రకం తుపాకులు ఉండేవి. ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల మాత్రమే వాన కురిసే సీమ ఇది. పండిన నాలుగు గింజల మీద పడే జింకలనూ అడవిపందులనూ తరమడానికి, అప్పుడప్పుడు వేటకు, కలిగిన ఇళ్ళ గోడలకు అవి వేలాడేవి. మా ఇంట్లోదీ అలాంటిదే. జేజినాయన కొన్నది, నాయన పేర లైసెన్సు ఉన్నది. నాయన కాలం చేశాక దానిని తుపాకుల వ్యాపారి వద్ద భద్రపరిచాము.

తమ్ముడికి మూడు బోర్లు ఎండిపోయాయి. "పాతది గదన్నా, లక్షలు పలుకుతుందంట" అన్నాడు. పాతదనానికీ వెలకూ ఉన్న సంబంధం మనం అనుకునేంత సూటిది కాదు. అందుకని వ్యాపారి ఎదుటనే భూతద్దం పట్టుకుని ఆ ఇనుమును చదవడానికి కూర్చున్నాను.

చదవడం అన్న మాట ఊరికే అనలేదు. ఇంగ్లండులో ప్రతి గొట్టాన్నీ అధిక మోతాదు మందుతో పేల్చి పరీక్షించి, నెగ్గినదానిపై ముద్ర కొట్టేవారు. బర్మింగ్‌హామ్ పరీక్షాలయం 1813లో ఏర్పడింది. అక్కడి పాత ముద్రలో కిరీటంతో పాటు అడ్డంగా పెట్టిన రెండు రాజదండాలు ఉంటాయి. 1904 నుంచి కిరీటం కింద 'బి.పి.', 'బి.వి.' అక్షరాలు వచ్చాయి. పొగరాని కొత్త మందుకు తట్టుకుంటుందని చెప్పడానికి 'ఎన్.పి.' చేరింది. మా రైఫిలు మీద ఉన్నవి ఈ రెండో తరహావి. కనుక అది 1904కు ముందుది కాదు. ఇక మా ఇనుపపెట్టెలో దొరికిన లైసెన్సులలో అన్నిటికన్నా పాతది 1931 నాటిది. దాని వయసు ఈ రెండు అంచుల నడుమ ఎక్కడో ఉన్నది.

గొట్టం మీద .315 అన్న కొలత, ఒకదానికొకటి ఆనించి నిలబెట్టిన మూడు తుపాకుల గుర్తు ఉన్నాయి. ఆ గుర్తు బి.ఎస్.ఎ. కంపెనీది. ఈ .315 వెనుక ఒక చరిత్ర ఉంది. సైన్యం వాడే .303 తూటా ప్రజల చేతికి అందరాదన్నది ఆంగ్ల ప్రభుత్వ విధానం. అందువల్ల వేటగాళ్ళకు వేరొక కొలత వచ్చింది. దొరతనం తన ప్రజలను చూసి ఎంత బెదిరిందో ఆ మూడంకెలే చెబుతాయి. స్వాతంత్ర్యానంతరం ఇషాపూర్ ఫ్యాక్టరీ కూడా అదే కొలతలో వేట రైఫిళ్ళు చేసింది.

అక్కడే వెలకు చిక్కు వచ్చింది. 1959 ఆయుధాల చట్టం 45వ సెక్షను పురాతన ఆయుధాలకు మినహాయింపు ఇస్తుంది గాని, మరమ్మతు చేసినా పేలనివాటికే. పేలే తుపాకి నూరేళ్ళు నిండినా లైసెన్సు కలవాడే కొనాలి. అలాంటివారు ఎందరుంటారు?

వ్యాపారి బోల్టు మీది సంఖ్యనూ గొట్టం మీది సంఖ్యనూ సరిచూసి, రెండూ ఒకటే అని తల ఊపాడు. గొట్టం లోపలి గాడులు బాగానే ఉన్నాయన్నాడు. పైన నీలిపూత మాత్రం మిగలలేదు. ఏటా ఆయుధపూజకు జేజినాయన దానిని గరుకు కాగితంతో మెరిసేలా రుద్దించి పసుపు కుంకుమ పెట్టేవాడు. ఆ భక్తి వెలలో చాలాభాగాన్ని తినేసింది. మీ ఇళ్ళలో ఇలాంటిది ఉంటే గరుకు కాగితం జోలికి పోకండి. ముద్రలు అరిగిపోతే వయసు చెప్పే నోరు పోతుంది.

1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చిన తరువాత అది వేటకు పోలేదు. ఎన్నికలు వచ్చిన ప్రతిసారీ నాయన దానిని గుడ్డలో చుట్టి పోలీసు స్టేషనులో అప్పగించి, అయ్యాక తెచ్చుకునేవాడు. దానికి మిగిలిన ప్రయాణం అదొక్కటే. ఆయనకది పరువు.

వ్యాపారి చెప్పిన వెల తమ్ముడి అప్పులో అయిదో వంతు. వాడు చాలాసేపు మాట్లాడలేదు. ఆ తరువాత "అమ్మేద్దామన్నా" అన్నాడు. 1931 నాటి కాగితం నేను ఉంచుకున్నాను. ఆ డబ్బుతో నాలుగో బోరు వేయనని వాడిచేత మాట తీసుకున్నాకనే అమ్మకం కాగితాల మీద సంతకం పెట్టాను.